పుట్టినరోజు కేకు, తొమ్మిది మంది పిల్లలకు వాంతులు: బేకరీ మీద కేసు పెట్టాలంటే

ప్రశ్న: నమస్తే అన్నా. మాది హనుమకొండ. పోయిన శనివారం మా బాబు పుట్టినరోజుకి మా వీధి చివర బేకరీలో రెండు కిలోల క్రీమ్ కేకు, పాతిక ఎగ్ పఫ్‌లు తీసుకున్నాం. సాయంత్రం ఏడింటికి కేకు కోశాం. రాత్రి పదకొండు అయ్యేసరికి మా బాబుకు వాంతులు మొదలయ్యాయి, తెల్లారేసరికి వరసగా ఫోన్లు, వచ్చిన పద్నాలుగు మంది పిల్లల్లో తొమ్మిది మందికి ఇదే పరిస్థితి. ఇద్దరికి సెలైన్ ఎక్కించారు. ఇప్పుడు అందరూ బాగానే ఉన్నారు. మా తమ్ముడి కొడుక్కి క్రీమ్ పడదు, వాడు పఫ్‌లు మాత్రమే తిన్నాడు, వాడికేమీ కాలేదు. ఆదివారం బేకరీకి వెళ్ళి గొడవపడ్డాను. వెనక తలుపు తీసే ఉంది. క్రీమ్ బకెట్ మూత లేకుండా నేల మీద ఉంది, ట్రేల మీద బొద్దింకలు. ఫోన్‌లో వీడియో తీశాను. ఓనర్ మొదట "మీ ఇంట్లో ఇంకేం తిన్నారో" అన్నాడు, సోమవారం ఇంటికొచ్చి ఐదు వేలు చేతిలో పెట్టి వీడియో తీసేయమన్నాడు. నేను తీసుకోలేదు. మా ఆయన వదిలేయమంటున్నారు, తమ్ముడేమో ఇన్‌స్టాలో పెడదాం అంటున్నాడు. బిల్లు లేదు, ఫోన్‌పే చేశాం. మిగిలిన కేకు ఫ్రీజర్‌లో ఉంది. దాన్ని టెస్టు చేయించొచ్చా? పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాలా? అతన్ని జైలుకు పంపించగలమా?
– ఓ తల్లి

జవాబు: చెల్లెమ్మా, పిల్లలు కోలుకున్నారు, అది చాలు. ఇక మీ తమ్ముడికి ఫోన్ చేసి ఆ వీడియో ఎక్కడా పెట్టొద్దని చెప్పండి. ఈ జవాబు మొత్తం చదవకపోయినా ఆ ఒక్క పని చేయండి.

ఎందుకో చెబుతాను. నేను లాయర్‌ని కదా, కొన్నేళ్ళ క్రితం నా దగ్గరికి ఒకాయన వచ్చాడు, బన్నులో బొద్దింక వచ్చిందని. రావడానికి ముందు రోజు రాత్రే ఫేస్‌బుక్‌లో పెట్టేశాడు, వందల షేర్లు, కామెంట్లలో అందరూ ఆ బేకరీని ఏకిపారేశారు. మర్నాడు మధ్యాహ్నం ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వెళ్ళేసరికి వంటగది గోడలకు కొత్త సున్నం, నేల కడిగి ఫినాయిల్ కొట్టారు, పనివాళ్ళ తలలకు టోపీలు. సున్నం వాసన ఇంకా పోలేదట. బొద్దింక సంగతి అటుంచి, ఒక్క ఈగ కూడా లేదు. ఇన్‌స్పెక్టర్ పాపం ఏం రాస్తాడు? ఉన్నది రాశాడు. ఆ కేసు అక్కడే చచ్చిపోయింది. మీ ఓనర్ సోమవారమే మీ ఇంటికొచ్చాడంటే అతనికి ఇప్పటికే భయం పట్టుకుంది, కాబట్టి మీకు టైము తక్కువ. ఈ రోజే ఫిర్యాదు చేయండి. తనిఖీ అయ్యాక కావాలంటే జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోండి, "విషం అమ్ముతున్నాడు, హంతకుడు" లాంటి మాటలు లేకుండా. పరువు నష్టం కేసు వేస్తే దాన్ని ఎదుర్కొనేది మీరే, షేర్ చేసినవాళ్ళు ఎవరూ రారు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించిన వాక్యం ఏదో తెలుసా? బొద్దింకల వీడియో గురించి కాదు. మీ తమ్ముడి కొడుకు క్రీమ్ తినలేదు, వాడికేమీ కాలేదు అన్నారే, అది. పఫ్‌లు తిన్నవాడు బాగున్నాడు, కేకు తిన్నవాళ్ళు పడ్డారు అంటే వేలు కేకు వైపే చూపిస్తోంది. "మీ ఇంట్లో ఇంకేం తిన్నారో" అన్న ఓనర్ ప్రశ్నకు జవాబు అదే. కాబట్టి ఒక తెల్లకాగితం తీసుకుని పద్నాలుగు మంది పిల్లల పేర్లు, ఒక్కొక్కరు కేకు తిన్నారా, పఫ్ తిన్నారా, ఇంకేం తిన్నారు, వాంతులు ఎన్నింటికి మొదలయ్యాయి, జ్వరం ఉందా, విరేచనాలు ఉన్నాయా, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు అని రాయండి. పెద్దవాళ్ళు తిని ఉంటే వాళ్ళవీ రాయండి. మిగతా ఐదుగురిలో కేకు తిని కూడా బాగున్నవాళ్ళు ఉంటే దాచకండి, అది కూడా రాయండి. అందరికీ ఒకేలా పడదు, ఒక ముక్క తిన్నవాడికీ మూడు ముక్కలు తిన్నవాడికీ తేడా ఉంటుంది. మీరు మీకు అనుకూలమైనవే ఏరి రాశారని తర్వాత తేలితే మొత్తం జాబితా మీదే నమ్మకం పోతుంది. ఆయా తల్లిదండ్రులతో కింద సంతకాలు పెట్టించండి. వారం దాటితే ఎవరికీ టైములు గుర్తుండవు.

తిన్న నాలుగు గంటల లోపు వాంతులు అంటే డాక్టర్లకు మొదట గుర్తొచ్చే పేర్లలో స్టెఫైలోకాకస్ ఒకటి. మన చర్మం మీద, ముక్కులో, చేతి మీది పుండ్లలో, సెగ్గడ్డల్లో ఉండే సూక్ష్మజీవి అది. అరగంట నుంచి ఎనిమిది గంటల లోపు పని చూపిస్తుంది, గట్టిగా వాంతులు, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. గుడ్డు, మాంసంతో వచ్చే సాల్మొనెల్లా అయితే సాధారణంగా ఇంకాస్త ఆలస్యంగా, జ్వరంతో, విరేచనాలతో వస్తుంది. ఏదని తేల్చేది నేనూ కాదు మీరూ కాదు, కానీ టైము రాసి పెట్టుకుంటే తేల్చగలిగేవాళ్ళకు పనికొస్తుంది. అలాగే ఆసుపత్రి చీటీలో "బయటి కేకు తిన్న నాలుగు గంటలకు వాంతులు" అని ఉందో లేదో చూడండి. మన దగ్గర చాలా చీటీల్లో "వాంతులు, కడుపు నొప్పి" అని రాసి, కింద మందులు రాసి పంపేస్తారు. సెలైన్ ఎక్కించిన ఆ ఇద్దరి కేస్ షీట్ నకలు అడిగి తీసుకోండి. డాక్టర్ కేకే కారణం అని సర్టిఫికెట్ ఇవ్వడు, ఇవ్వమని గొడవపడకండి. మీరు చెప్పిన వివరం అతను రాసుకున్నాడా లేదా, అదే ముఖ్యం.

జనం ఒక మాట అంటుంటారు, "బేకరీది ఓవెన్‌లో కాలి వస్తుంది కదా, క్రిములు ఎక్కడివి?" అని. నిజమే, కేకు కాలేటప్పుడు చాలావరకు చస్తాయి. తంటా అంతా ఓవెన్‌లోంచి బయటికొచ్చాకే. చల్లారబెట్టిన చోటు, కోసిన కత్తి, పూసిన క్రీమ్, పూసిన చెయ్యి. క్రీమ్ మళ్ళీ కాలదు. మీరు చూసిన మూత లేని బకెట్ అందుకే ముఖ్యం, బొద్దింకలకన్నా. ఇంకో సంగతి, స్టెఫైలోకాకస్ వదిలే విషం వేడి చేసినా పోదు, చల్లబరిచినా పోదు, కాబట్టి తర్వాత ఫ్రిజ్‌లో పెట్టామన్న వాదన నిలవదు.

బ్రెడ్డు మీద బూజు గురించి కూడా చాలామంది అడుగుతుంటారు కాబట్టి పనిలో పని. బూజు గింజలు ఓవెన్ వేడికి బతకవు, అంటే బూజు వచ్చిందంటే అది కాల్చిన తర్వాతే చేరింది: స్లైసింగ్ మెషిన్ దగ్గరో, వేడి తగ్గకముందే కవర్లో కట్టేయడం వల్లో, కొట్టువాడు ఎండలో పెట్టడం వల్లో. బూజు పట్టిన మేరకు గిల్లి పారేసి మిగతాది తినేయడం మన ఇళ్ళల్లో అలవాటు, అది మానండి, బ్రెడ్డు గుల్లగా ఉంటుంది కాబట్టి కంటికి కనిపించని పోగులు లోపలికి పాకి ఉంటాయి. ఎండాకాలంలో ఇంకో రకం ఉంటుంది, బ్రెడ్డు చీలిస్తే లోపల జిగురుగా దారాలు సాగుతాయి, మగ్గిపోయిన అనాస వాసన. అది పిండిలోనే ఉండి ఓవెన్‌ను కూడా తట్టుకునే బాసిల్లస్ అనే సూక్ష్మజీవి పని. అక్కడ తప్పు కొట్టుది కాకపోవచ్చు, చేసినవాడిది.

సరే, చట్టం. ఇప్పుడు నడుస్తున్నది 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2011 ఆగస్టు 5 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంతకు ముందు 1954 నాటి కల్తీ నిరోధక చట్టం ఉండేది, అందులో చాలా తప్పులకు కనీసం ఆరు నెలల జైలు. వినడానికి బాగుంటుంది. కానీ చిన్న తప్పుకూ జైలే, పెద్ద తప్పుకూ జైలే అనేసరికి ప్రతి కేసూ ఏళ్ళ తరబడి కోర్టుల్లో నానేది. కొత్త చట్టం రెండు దారులు చేసింది. జరిమానాతో పోయేవి అడిషనల్ కలెక్టర్ స్థాయి అధికారి ముందు తేలతాయి (ఆంధ్రలో అయితే జాయింట్ కలెక్టర్ దగ్గర). జైలు దాకా వెళ్ళేవి కోర్టుకు.

మీకు కావాల్సిన సెక్షన్లు రెండే. 56వ సెక్షన్: అపరిశుభ్రంగా తిండి తయారు చేసినందుకు లక్ష రూపాయల దాకా జరిమానా, జైలు లేదు. మీ వీడియోలో కనిపించేది ఇదే. రెండోది 59: "అన్‌సేఫ్ ఫుడ్", అంటే తింటే హాని చేసేది అమ్మినందుకు. ఎవరికీ ఏమీ కాకపోతే మూడు నెలల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా (ఇది ఇంతకు ముందు ఆరు నెలలు, లక్ష ఉండేది, 2023లో జన్ విశ్వాస్ చట్టంతో మార్చారు, జైలు తగ్గించి జరిమానా పెంచారు). తిన్నవాళ్ళకు హాని జరిగి అది తీవ్రమైనది కాకపోతే ఏడాది దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా. తీవ్రమైన హాని అయితే ఆరేళ్ళు, ఐదు లక్షలు. ప్రాణం పోతే ఏడేళ్ళకు తగ్గకుండా యావజ్జీవం దాకా, జరిమానా పది లక్షలకు తగ్గదు.

మీ పిల్లల విషయం నా లెక్కన "తీవ్రం కాని హాని" కిందికి వస్తుంది. రుజువైతే ఏడాది దాకా. రుజువైతే అన్నాను. చట్టంలో అన్‌సేఫ్ ఫుడ్ అనే మాటకు ఇచ్చిన అర్థంలో అపరిశుభ్రమైన చోట తయారుచేసినవి, పురుగులు పట్టినవి కూడా ఉన్నాయి కాబట్టి మీ కేసు 59లో పెట్టొచ్చు. కానీ అధికారులకు 56 సులువు, ఫైలు త్వరగా కదులుతుంది. అందుకే మీ ఫిర్యాదులో "అపరిశుభ్రత" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి, తొమ్మిది మంది పిల్లలు జబ్బు పడ్డారు, ఇద్దరికి సెలైన్ ఎక్కించారు, ఇవిగో కాగితాలు అని మొదటి పేరాలోనే రాయండి. బొద్దింకలు రెండో పేరాలో.

మరి ఆ కేసు పెట్టేది ఎవరు? మీరు కాదు. ఇది చాలామందికి మింగుడుపడదు. పాత చట్టంలో కొన్నవాడే ల్యాబ్ రిపోర్టు పట్టుకుని నేరుగా కోర్టుకు వెళ్ళే వీలుండేది. ఇప్పుడు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ (మనం ఇంకా ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనే అంటాం) తనిఖీ చేసి శాంపిల్ తీస్తాడు, అది నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు, ఒక భాగం ఫుడ్ ఎనలిస్ట్ (ల్యాబ్‌లో పరీక్షించే అధికారి) దగ్గరికి వెళ్తుంది, పద్నాలుగు రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టు నచ్చకపోతే బేకరీవాడు అప్పీలు చేసుకుని రిఫరల్ ల్యాబ్‌కు (మళ్ళీ పరీక్షించే పై ల్యాబ్) పంపమనొచ్చు. అదీ అయ్యాక డిజిగ్నేటెడ్ ఆఫీసర్ (ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు పై అధికారి) చూసి, ఇది జరిమానాతో పోయేదా జైలు కేసా తేల్చి, జైలు కేసు అయితే ఫుడ్ సేఫ్టీ కమిషనర్ అనుమతికి పంపుతాడు. అనుమతి వచ్చాకే కోర్టు. నేరం జరిగిన రోజు నుంచి ఏడాది లోపు కోర్టు కేసు స్వీకరించాలి, కారణాలు రాసి కమిషనర్ మూడేళ్ళ దాకా పొడిగించొచ్చు. పద్నాలుగు రోజులు, నెల, అనుమతి, ఇంకో నెల, ఇలా ఏడాది ఎలా గడిచిపోతుందో తెలియదు, అందుకే మీరు వెనకపడుతూ ఉండాలి.

పోలీసుల సంగతి. వెళ్ళొద్దని కాదు, కానీ అక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. భారతీయ న్యాయ సంహితలో కల్తీ, హానికరమైన తిండి మీద సెక్షన్లు (274, 275) ఉన్నమాట నిజమే, అవి పాత ఐపీసీలో 272, 273. ఆ రెంటి మీదే 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, ఆహార భద్రత చట్టంలోని 59వ సెక్షన్ వర్తించే చోట దానిదే పైచేయి, రెండు చట్టాల కింద ఒకేసారి నడపకూడదని. స్టేషన్‌లో "ఇది ఫుడ్ సేఫ్టీ వాళ్ళది" అని పంపేస్తే ఆ ఎస్సై మిమ్మల్ని తప్పించుకుంటున్నాడని అనుకోకండి, ఈసారికి అతను చెప్పింది చాలావరకు సరే. ప్రాణాలు పోయినప్పుడు లెక్క వేరు, అప్పుడు పోలీసులు మొదట్నుంచీ ఉంటారు. 2024 మార్చిలో పంజాబ్‌లోని పాటియాలాలో పదేళ్ళ పాప తన పుట్టినరోజు కేకు తిన్నాక చనిపోయినప్పుడు పోలీసులే కేసు కట్టారు. అక్కడ బయటపడిన ఒక సంగతి యాప్‌లలో కేకులు తెప్పించుకునే ప్రతి ఒక్కరికీ అవసరం: యాప్‌లో కనిపించిన బేకరీ పేరు ఒకటి, కేకు నిజంగా తయారైన కొట్టు ఇంకొకటి.

మీది వీధి చివరి కొట్టే కాబట్టి ఆ చిక్కు లేదు. బిల్లు లేకపోయినా భయం లేదు, ఫోన్‌పే రికార్డు ఉంది, తారీకు, టైము, మొత్తం అన్నీ అందులో ఉంటాయి. డబ్బు ఓనర్ పేరున కాకుండా వాళ్ళ ఆవిడ పేరునో బావమరిది పేరునో పడి ఉండొచ్చు, పట్టించుకోకండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. కేకు డబ్బా పారేశారా? లేకపోతే బాగా చూడండి, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు ఉండాలి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద కూడా ఆ నంబరు వేయాలి. కొట్టులో కనిపించేలా రిజిస్ట్రేషనో లైసెన్సో తగిలించి ఉండాలి. ఎవరినైనా పంపి ఒక బ్రెడ్డు ప్యాకెట్ కొనిపించి బిల్లు అడగమనండి. నంబరు దొరికితే ఎఫ్ఎస్ఎస్ఏఐ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, గడువు ఎప్పుడో తీరిపోయిందో, ఇంకెవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. చిత్రంగా, చాలా కేసుల్లో ఓనర్‌ను మొదట ఇరికించేది కేకు కాదు, ఈ నంబరే.

ఫిర్యాదు మూడు చోట్లకు పంపండి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో (ఫొటోలు పెట్టొచ్చు, ఫిర్యాదు నంబరు వస్తుంది), ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్‌ఫ్రీ 1800112100కు, తర్వాత చేతిరాతతో ఒక కాపీ జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేకుండా ఇంటికి రాకండి. ఎల్లుండి, అవతలెల్లుండి ఎవరూ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, మిగతా పిల్లల అమ్మలను వెంటబెట్టుకుని వెళ్ళండి. ఒక్కరు వెళ్తే అర్జీ, ఎనిమిది మంది తల్లులు కలిసి నిలబడితే ఆఫీసర్ ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు, నేను కళ్ళారా చూశాను. నెల తర్వాత కూడా తనిఖీ చేశారో లేదో తెలియకపోతే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు: తనిఖీ నివేదిక నకలు, శాంపిల్ తీసిన తారీకు, ఎనలిస్ట్ రిపోర్టు, తీసుకున్న చర్య, ఇవి నాలుగే అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈ కాగితం వెళ్ళిందంటే నిద్రపోతున్న ఫైలు కూడా కాస్త కదులుతుంది.

ఫ్రీజర్‌లో కేకు. ఇక్కడ మిమ్మల్ని కొంచెం నిరాశపరచాలి. అమ్మేసిన తిండి నుంచి కూడా శాంపిల్ తీసే అధికారం ఆఫీసర్‌కు చట్టంలో ఉంది, అందుకని పారేయకండి, చూపించండి, తీసుకోమని అడగండి. కానీ అది కోసిన కేకు, పద్నాలుగు మంది పిల్లల చేతులు తగిలిన కేకు, మీ ఇంట్లో ఉన్న కేకు. అవతలి లాయర్ అడిగే మొదటి ప్రశ్న "అందులో ఏం కలిసిందో, ఎప్పుడు కలిసిందో ఎవరికి తెలుసు?" అనే. కాబట్టి కోర్టులో బరువు ఉండేది ఆఫీసర్ తన చేతులతో ఆ బేకరీలో తీసి సీలు వేసిన క్రీమ్‌కే. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తించిన ప్రైవేటు ల్యాబ్‌లో మీ ఖర్చుతో టెస్టు చేయించుకోవచ్చు, వినియోగదారుల కమిషన్ ముందు మీ వాదనకు అది కొంత ఊతం ఇస్తుంది, క్రిమినల్ కేసుకు మాత్రం ఆధారం అవ్వదు. మామూలు మనిషి కూడా ఫుడ్ ఎనలిస్ట్‌కు ఫీజు కట్టి టెస్టు చేయించుకునే హక్కు 40వ సెక్షన్‌లో ఉంది, తప్పు తేలితే ఆ ఫీజు వెనక్కిస్తారు, రిపోర్టు డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు కూడా వెళ్తుంది. బాగుంది కదా? ఒక మెలిక ఉంది. కొనేటప్పుడే కొట్టువాడికి "ఇది నేను టెస్టుకు పంపబోతున్నాను" అని చెప్పాలట! ఆ మాట విన్నాక ఏ బేకరీవాడు నిన్నటి క్రీమ్ కేకు చేతికిస్తాడు? ఈ షరతు రాసినాయన ఎప్పుడూ బేకరీకి వెళ్ళి ఉండడని నా అనుమానం.

ఇక అసలు ప్రశ్న మీకు నేను వేస్తాను. మీకేం కావాలి? అతను జైలుకు వెళ్ళాలా, ఆసుపత్రి ఖర్చులు రావాలా, ఆ వంటగది మారాలా? మూడూ కావాలంటారు, అందరూ అదే అంటారు, కానీ మూడింటి దారులు వేరు. వంటగది మారడం అన్నిటికన్నా త్వరగా అయ్యేది. డిజిగ్నేటెడ్ ఆఫీసర్ ఇంప్రూవ్‌మెంట్ నోటీసు (ఫలానావి సరిచేయమని) ఇస్తాడు, గడువులో సరిచేయకపోతే లైసెన్సు సస్పెండ్, అప్పటికీ కాకపోతే రద్దు. ప్రజల ఆరోగ్యానికి ముప్పు అనుకుంటే కారణం రాసి వెంటనే సస్పెండ్ చేయొచ్చు. వారం రోజులు షట్టర్ వేసి ఉంటే వీధంతా చూస్తుంది, ఆ దెబ్బ లక్ష జరిమానాకన్నా గట్టిది. అధికారులు తల్చుకుంటే చేయగలరు. 2024లో హైదరాబాద్‌లో మోమోలు తిని పదుల మంది జబ్బుపడి ఒక ప్రాణం పోయాక, పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు తెలంగాణ అంతా ఆపేశారు.

డబ్బు కావాలంటే వినియోగదారుల కమిషన్ (మనం ఇప్పటికీ కన్స్యూమర్ కోర్టు అంటున్నది). 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ళ గడువు ఉంది, కొన్న వస్తువుకు చెల్లించింది ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, మీ కేకు ఐదు లక్షలు కాదు కదా. లాయర్ లేకుండా కూడా వేసుకోవచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్నిసార్లు అక్కడే రాజీ కుదురుతుంది. ఆసుపత్రి బిల్లులు, సెలవు పెట్టిన రోజుల జీతం, పడ్డ టెన్షన్‌కు పరిహారం అన్నీ అడగండి, కానీ బిల్లులున్న మేరకు అడగండి, పది లక్షలు అని రాస్తే కమిషన్ మీ మిగతా మాటలను కూడా తగ్గించి చదువుతుంది. ఇది కాక ఆహార భద్రత చట్టంలోనే 65వ సెక్షన్ కింద పరిహారం ఉంది, మామూలు హానికి లక్ష దాకా, తీవ్రమైన దానికి మూడు లక్షల దాకా, మరణిస్తే ఐదు లక్షలకు తక్కువ కాకుండా. ఇది చాలామంది అడగనే అడగరు. అడగండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. వకాలత్ మొదలుపెట్టిన కొత్తలో బూజు బ్రెడ్డు కేసు ఒకటి వేశాను, అమ్మిన కిరాణా కొట్టు మీద మాత్రమే. ఆయన వచ్చి "సీలు ప్యాకెట్టు సార్, నేను తెరిచి చూడగలనా?" అన్నాడు, నిజమే కదా అనిపించింది కమిషన్‌కు. తయారుచేసిన కంపెనీని కూడా పార్టీగా చేర్చి ఉంటే ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకునేవాళ్ళు, మాకు మంచిదయ్యేది. మీ బేకరీవాడు కేకు తనే చేశాడా, ఎక్కడో పెద్ద తయారీదారు దగ్గర బేస్ తెచ్చుకుని పైన క్రీమ్ మాత్రం పూశాడా కనుక్కోండి. తెచ్చుకుంటే ఇద్దరినీ పెట్టండి.

ఐదు వేల గురించి. తీసుకోకపోవడం మంచిపనే, అయినా ఆసుపత్రి ఖర్చులు అతని దగ్గర తీసుకోవడం తప్పేమీ కాదు, రసీదు మీద "ఆసుపత్రి ఖర్చుల నిమిత్తం" అని రాసి ఉంటే. "ఇకపై నాకు ఎలాంటి ఫిర్యాదు లేదు" అన్న కాగితం మీద మాత్రం సంతకం చేయకండి. ఇంకా ముఖ్యం, మీ ఇంట్లో ఎవరూ, మరీ ముఖ్యంగా కోపంలో ఉన్న ఆ తమ్ముడు, "లక్ష ఇవ్వు లేదా వీడియో పెడతాం" అని ఒక్క వాట్సాప్ మెసేజ్ కూడా పంపకూడదు. అది బెదిరించి డబ్బు గుంజడం కిందికి వస్తుంది, ఆ ఒక్క మెసేజ్‌తో అతను బాధితుడు, మీరు ముద్దాయిలు. ఇలా తలకిందులైన కేసులు చూశాను. వీడియోను మాత్రం తీసిన ఫోన్‌లో అలాగే ఉంచండి, కత్తిరించకండి, పాటలు పెట్టకండి, ఒక కాపీ వేరే చోట దాచండి.

మీ ఆయన వదిలేయమనడం నాకు అర్థమవుతుంది. ఒకే వీధి, రోజూ మొహాలు చూసుకోవాలి, ఆ ఓనరూ అప్పులు చేసి కొట్టు పెట్టుకున్నవాడే అయ్యుండొచ్చు. నేనైతే జైలు దాకా పట్టుబట్టను, నిజం చెప్పాలంటే ఆ దారిలో శిక్ష పడేదాకా ఓపిక ఉండేవాళ్ళు తక్కువ. కానీ తనిఖీ, శాంపిల్, నోటీసు, ఈ మూడూ జరిగేదాకా మాత్రం వదలను. తొమ్మిది మంది పిల్లలకు వాంతులైతే "మీ ఇంట్లో ఏం తిన్నారో" అన్నవాడు వచ్చే శనివారం ఇంకో పుట్టినరోజుకి అదే బకెట్‌లో చెయ్యి పెడతాడు కదా. ఈ మాట మీ ఆయనకు మెల్లగా చెప్పి చూడండి.

చివరగా ఆ ఫ్రీజర్ డబ్బా. దాని మీద టేపు అంటించి తారీకు వేసి, పెద్ద అక్షరాలతో "తినొద్దు, పారేయొద్దు" అని రాయండి. నవ్వకండి. పైన చెప్పిన బన్ను కేసులో మిగిలిన ముక్కను మా క్లయింట్ ఇంట్లో పనమ్మాయి పాపం పాచిపోయిందనుకుని వీధి కుక్కకు వేసేసింది.